ఏ కలయికలను పరీక్షించాలి? వర్చువల్ మెషీన్ ఎమ్యులేటర్ల టెస్టింగ్‌లో అసలు లెక్క

ఒక వర్చువల్ మెషీన్‌ను, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్‌ను, నడపాలంటే ఎన్ని ఎంపికలు ముందుంటాయో ఒకసారి లెక్కేయండి. ఎక్సెలరేటర్లు (సూచనలను నడిపే ఇంజన్లు) మూడు, మెషీన్ రకాలు రెండు, ఫర్మ్‌వేర్లు (బూట్‌ను మొదలుపెట్టే కోడ్) రెండు, డిస్క్ కంట్రోలర్లు నాలుగు, నెట్‌వర్క్ కార్డులు మూడు, సీపీయూ మోడళ్లు నాలుగు, మెమొరీ పరిమాణాలు నాలుగు, గెస్ట్ (మెషీన్ లోపల నడిచే) ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఐదు అనుకుంటే మొత్తం కలయికలు 11,520 అవుతాయి. ఒక్కో బూట్‌కు రెండే నిమిషాలు పట్టినా, వరసగా నడిపితే 16 రోజులు. వీటిలో చాలా కలయికలను ఏ వాడుకరీ ఎన్నడూ నడపడు. కొన్నింటిని మాత్రం లక్షల మెషీన్లలో రోజూ నడుపుతుంటారు. ఆ కొన్ని ఏవో, వాటిలో ఎక్కడ విరిగే అవకాశం ఉందో ముందే తేల్చుకోవడమే ఎమ్యులేటర్ (ఇలాంటి మెషీన్‌ను సృష్టించి నడిపే ప్రోగ్రాము) టెస్టింగ్‌లో కష్టమైన భాగం. స్క్రిప్టు రాయడం ఆ తర్వాతి పని.

ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా క్యూఈఎంయూవి. 2003లో ఫాబ్రిస్ బెల్లార్ విడుదల చేసిన ఈ ఎమ్యులేటర్ ఓపెన్ సోర్స్ కాబట్టి లోపలి లెక్కలన్నీ చూడవచ్చు. వర్చువల్‌బాక్స్‌కైనా, హైపర్-వికైనా పేర్లు మారతాయి తప్ప పద్ధతి ఇదే.

డిఫాల్ట్ వేరు, వాడుక వేరు

క్యూఈఎంయూ 64 బిట్ ఎక్స్86 ప్రోగ్రామును ఏ ఆప్షనూ ఇవ్వకుండా నడిపితే వచ్చే మెషీన్ ఇది: ఇంటెల్ 1996 నాటి ఐ440ఎఫ్‌ఎక్స్ చిప్‌సెట్, ఒక్క సీపీయూ, 128 ఎంబీ మెమొరీ, ఐడీఈ డిస్క్, ఇ1000 నెట్‌వర్క్ కార్డు, 'క్యూఈఎంయూ64' అనే సీపీయూ మోడల్. నేటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎవరూ ఇందులో నడపరు. అయినా చాలా టెస్ట్ సూట్లు ఇక్కడే మొదలై ఇక్కడే ఆగిపోతాయి.

వాడుకలో ఉన్న కాన్ఫిగరేషన్లు ఎమ్యులేటర్ నుంచి రావు, దానిపై కూర్చున్న పనిముట్ల నుంచి వస్తాయి. వర్ట్-మేనేజర్ కొత్త గెస్ట్‌కు క్యూ35 (ఐ440ఎఫ్‌ఎక్స్ కంటే కొత్త చిప్‌సెట్) మెషీన్, వర్ట్‌ఐఓ (వర్చువల్ మెషీన్ల కోసమే రూపొందించిన పరికరాల ప్రమాణం) డిస్క్ ఇస్తుంది. ప్రాక్స్‌మాక్స్ 8 కొత్త మెషీన్‌కు ఐ440ఎఫ్‌ఎక్స్, సీబయోస్ (పాతతరం బయోస్ ఫర్మ్‌వేర్), వర్ట్‌ఐఓ స్కసీ కంట్రోలర్ ఇచ్చి, సీపీయూగా ఎక్స్86-64-వి2-ఏఈఎస్ మోడల్ పెడుతుంది. ఒకే ఎమ్యులేటర్, రెండు పనిముట్లు, రెండు వేర్వేరు కంప్యూటర్లు. అందుకే ఏమి పరీక్షించాలన్నది ఊహతో తేల్చకుండా, ఈ పనిముట్లు తయారుచేసే కమాండ్ లైన్లనే తెచ్చి ఆధారంగా పెట్టుకోవాలి. వర్ట్-మేనేజర్ కింద పనిచేసే లిబ్‌వర్ట్ లైబ్రరీ ప్రతి గెస్ట్ లాగ్‌లోనూ పూర్తి కమాండ్‌ను రాసి ఉంచుతుంది. ప్రాక్స్‌మాక్స్‌లో 'క్యూఎం షోసీఎండీ' అదే పని చేస్తుంది.

డిఫాల్ట్‌ను పూర్తిగా వదిలేయడమూ తప్పే. 2015 మే నెలలో బయటపడిన వెనమ్ లోపం ఫ్లాపీ కంట్రోలర్ కోడ్‌లో ఉంది. ఆ కోడ్ 2004 నుంచి అలాగే ఉంది. ఫ్లాపీ డ్రైవ్‌ను ఎవరూ అడగకపోయినా కంట్రోలర్ మెషీన్‌లో ఉండేది కాబట్టి, గెస్ట్ దాన్ని తాకగలిగేది. ఎవరూ కోరని పరికరం కూడా దాడికి దారే. కాబట్టి డిఫాల్ట్ పరికరాలన్నీ ఉన్న ఒక పరీక్ష, వాటిని 'నోడిఫాల్ట్స్' ఆప్షన్‌తో తీసేసిన మరో పరీక్ష తప్పనిసరిగా ఉండాలి.

నాలుగు పునాదులు

పనికొచ్చే పద్ధతి ఏమిటంటే, నాలుగు పునాది కాన్ఫిగరేషన్లు నిలబెట్టి, ఒక్కోసారి ఒక్క అంశం మాత్రమే మార్చడం.

మొదటిది ఆధునిక లినక్స్ సర్వర్: కేవీఎం (లినక్స్ కెర్నల్‌లోని వర్చువలైజేషన్ సౌకర్యం), క్యూ35, ఓవీఎంఎఫ్ (బయోస్ తర్వాతి తరమైన యూఈఎఫ్‌ఐ) ఫర్మ్‌వేర్, వర్ట్‌ఐఓ డిస్క్, వర్ట్‌ఐఓ నెట్‌వర్క్, 2 కోర్లు, 4 జీబీ మెమొరీ. రెండోది పాత గెస్ట్: ఐ440ఎఫ్‌ఎక్స్, సీబయోస్, ఐడీఈ, ఇ1000, ఒక్క కోర్, 512 ఎంబీ. మూడోది విండోస్ 11. ఇది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ సామర్థ్యం ఉన్న యూఈఎఫ్‌ఐ, 4 జీబీ మెమొరీ, 64 జీబీ డిస్క్, కనీసం రెండు కోర్లు అడుగుతుంది కాబట్టి ఎస్‌డబ్ల్యూటీపీఎం అనే టీపీఎం ఎమ్యులేటర్‌ను పక్కన వేరే ప్రాసెస్‌గా నడపాలి. నాలుగోది హోస్ట్‌కు (ఎమ్యులేటర్ నడిచే అసలు కంప్యూటర్‌కు) భిన్నమైన ఆర్కిటెక్చర్: ఎక్స్86 హోస్ట్ మీద ఆర్మ్ 64 బిట్ 'వర్ట్' మెషీన్, పూర్తిగా సాఫ్ట్‌వేర్ అనువాదంతో.

ఒక్కో అంశం మార్చే పరీక్షలకు పైన, అంశాల జతలను పట్టుకునే మరో పొర కావాలి. పెయిర్‌వైజ్ పద్ధతిలో ప్రతి రెండు అంశాల ప్రతి జతా కనీసం ఒక వరుసలో కనిపిస్తుంది. పై లెక్కలో పెద్ద అంశాలు రెండూ ఐదు, నాలుగు విలువలవి. కాబట్టి వరుసలు ఇరవైకి తగ్గవు, నిబంధనలు కలిపాక దానికి కొంచెం పైన తేలతాయి. 11,520 ఎక్కడ, ఇరవై పైచిలుకు ఎక్కడ! మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన పిక్ట్ వంటి పనిముట్లు ఈ పట్టికను తయారుచేసి ఇస్తాయి.

ఇక్కడే చాలామంది జారతారు. కొన్ని జతలు అసలు కుదరవు. ఉదాహరణకు ఓవీఎంఎఫ్‌లో సెక్యూర్ బూట్‌ను రక్షించే సిస్టమ్ మేనేజ్‌మెంట్ మోడ్ (ప్రాసెసర్‌లోని ప్రత్యేక రక్షిత స్థితి) ఐ440ఎఫ్‌ఎక్స్ మీద పనిచేయదు, క్యూ35 కావాలి. పట్టిక తయారయ్యాక అలాంటి వరుసను చేత్తో కొట్టేస్తే, ఆ వరుసలో ఉన్న సరైన జతలు కూడా దానితోపాటే పోతాయి. ఆ జతలను ఇక ఎవరూ పరీక్షించరు, పట్టిక మాత్రం నిండుగానే కనిపిస్తుంది. నిబంధనలను పట్టిక తయారీకి ముందే పనిముట్టుకు చెప్పాలి.

మెమొరీ పరిమాణంలో దాగిన గీతలు

1, 2, 4, 8 జీబీ అంటూ రెట్టింపులతో పరీక్షిస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ, లోపాలు దాక్కునే చోట్లను అది దాటేస్తుంది. పీసీ చిరునామాల పటంలో 4 జీబీకి దిగువన పీసీఐ పరికరాలకు చోటు వదలాలి. దాని కోసం మెమొరీని రెండు ముక్కలుగా కోస్తారు. ఆ కోత క్యూ35లో ఒకచోట, ఐ440ఎఫ్‌ఎక్స్‌లో మరోచోట పడుతుంది.

క్యూ35లో గెస్ట్ మెమొరీ 2816 ఎంబీకి తక్కువైతే అంతా ఒకే ముక్క. 2816 లేదా అంతకు మించితే 2048 ఎంబీ మాత్రమే కింద ఉండి, మిగిలినది 4 జీబీ గీతకు పైకి వెళ్తుంది. ఐ440ఎఫ్‌ఎక్స్‌లో ఆ గీత 3584 ఎంబీ. దాన్ని చేరితే 3072 కింద, మిగతాది పైన. కాబట్టి క్యూ35కు 2800, 2816, 3072 ఎంబీలు, ఐ440ఎఫ్‌ఎక్స్‌కు 3500, 3584, 4096 ఎంబీలు సరైన పరీక్షా విలువలు.

దీని ఫలితం వాడుకరికి ఎలా తగులుతుందో చూడండి. పీఏఈ (4 జీబీ దాటిన చిరునామాలను చేరనిచ్చే సౌకర్యం) లేని 32 బిట్ గెస్ట్ 4 జీబీ గీతకు పైనున్న మెమొరీని చూడలేదు. క్యూ35 మీద దానికి 2800 ఎంబీ ఇస్తే మొత్తం కనిపిస్తుంది. 3072 ఎంబీ ఇస్తే 2048 ఎంబీయే కనిపిస్తుంది. మెమొరీ పెంచితే తగ్గిందన్న ఫిర్యాదు వస్తుంది. అది బగ్ కాదు, చిరునామాల పటం అలాంటిది. నిజమైన బగ్ మరోలా ఉంటుంది: ఏదో పరికరం మోడల్ డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా పరికరమే నేరుగా మెమొరీ చదివి రాయడం) చిరునామాను 32 బిట్లకు కోసేస్తే, పైముక్కలోకి రావాల్సిన డేటా కిందిముక్కలో మరెవరి పేజీ మీదో పడుతుంది. 2 జీబీ గెస్ట్‌లో ఇది ఎప్పటికీ కనిపించదు. 8 జీబీ గెస్ట్‌లోనూ బూట్ అవ్వగానే కనిపించకపోవచ్చు, కెర్నల్ పై మెమొరీని బఫర్లకు వాడినప్పుడే బయటపడుతుంది. అందుకే గెస్ట్‌లో మెమొరీని బాగా నింపి, ఆ ఒత్తిడిలో డిస్క్ నుంచి పెద్ద ఫైలు చదివి చెక్‌సమ్ చూడాలి.

చాలా పెద్ద గెస్ట్‌లకు ఇంకో గీత ఉంది. సీపీయూ మోడల్ చెప్పే భౌతిక చిరునామా వెడల్పు 40 బిట్లయితే చేరగలిగేది 1 టీబీ వరకే. అంతకు మించిన గెస్ట్‌కు హోస్ట్ వెడల్పును అందించే ఆప్షన్ పెట్టాలి.

సీపీయూ: సంఖ్య, అమరిక, మోడల్

సీపీయూల సంఖ్యలో 1, 2 విలువలు ఎలాగూ ఉంటాయి. ఎక్కువగా వదిలేసేది 3. ఎపిక్ ఐడీ అనేది ఇంటరప్ట్‌లు (పరికరాల పిలుపులు) పంపడానికి ఒక్కో సీపీయూకు ఇచ్చే గుర్తింపు, బిట్ల గుంపులుగా కట్టిన సంఖ్య. కోర్ల భాగం రెండు ఘాతానికి పైకి సర్దుకుంటుంది. రెండు సాకెట్లు, ఒక్కోదానిలో మూడు కోర్లు ఇస్తే ఐడీలు 0, 1, 2, 4, 5, 6 అవుతాయి. 3 ఉండదు. సీపీయూ వరుస సంఖ్య, ఎపిక్ ఐడీ ఒకటేనని ఎక్కడైనా కోడ్ నమ్మి ఉంటే ఇక్కడ దొరికిపోతుంది. పై అంచున, 8 బిట్ల ఐడీ సరిపోని చోట, అంటే 255 సీపీయూలు దాటే గెస్ట్‌కు పొడవైన ఐడీలిచ్చే ఎక్స్2ఎపిక్‌తోపాటు, ఇంటరప్ట్ రీమ్యాపింగ్ ఇచ్చే వర్చువల్ ఐఓఎంఎంయూ (పరికరాల చిరునామాలను మార్చే యూనిట్) కావాలి.

సాకెట్లకు, కోర్లకు తేడా విండోస్‌లో వెంటనే తెలుస్తుంది. విండోస్ 10 హోమ్ ఒక్క సాకెట్‌ను, ప్రో రెండు సాకెట్లను మాత్రమే వాడుకుంటుంది. క్యూఈఎంయూ 6.2 కంటే ముందరి మెషీన్ రకాల్లో 8 సీపీయూలు అడిగితే 8 సాకెట్లు వచ్చేవి, ప్రో గెస్ట్ వాటిలో రెండింటినే వాడేది. 6.2 నుంచి కోర్లకు ప్రాధాన్యం మారింది. కాబట్టి టెస్ట్ కమాండ్‌లో సాకెట్లు, కోర్లు, థ్రెడ్లు మూడింటినీ విడిగా రాయాలి. ఒక్క సంఖ్య ఇచ్చి వదిలేస్తే వెర్షన్‌ను బట్టి వేర్వేరు మెషీన్లు పరీక్షించినట్టవుతుంది.

సీపీయూ మోడల్ వల్ల వచ్చే అబద్ధపు ఫెయిల్యూర్లు మరీ ఎక్కువ. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, దాని అనుబంధ పంపిణీలు చాలావరకు ఎక్స్86-64-వి2 (ప్రాసెసర్‌లో ఉండాల్సిన అదనపు సూచనల జాబితా) సూచనలు అడుగుతాయి. డిఫాల్ట్ క్యూఈఎంయూ64 మోడల్‌లో అవి లేవు. కెర్నల్ మామూలుగానే లేస్తుంది. మొదటి ప్రోగ్రామ్ మొదలవగానే జీలిబ్‌సీ (లినక్స్ మూల సి లైబ్రరీ) నిరాకరిస్తుంది, వెంటనే కెర్నల్ ప్యానిక్. లాగ్ చివరి వరుస మాత్రమే చూసేవారు దీన్ని ఎమ్యులేటర్ బగ్‌గా నమోదు చేస్తారు. వెర్షన్ 10 ఇంకో మెట్టు ఎక్కి ఏవీఎక్స్2 ఉన్న వి3 అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ అనువాదంలో ఏవీఎక్స్2 క్యూఈఎంయూ 7.2తో వచ్చింది. అంతకు ముందరి వెర్షన్‌లో 'మ్యాక్స్' మోడల్ పెట్టినా ఆ గెస్ట్ లేవదు.

ఎక్సెలరేటర్: ఒకే పరీక్షను మూడుసార్లు ఎందుకు నడపాలి

కేవీఎంలో గెస్ట్ సూచనలు నేరుగా ప్రాసెసర్ మీద నడుస్తాయి. క్యూఈఎంయూ సొంత సాఫ్ట్‌వేర్ అనువాదకమైన టీసీజీలో ప్రతి సూచనా హోస్ట్ సూచనలుగా మారి నడుస్తుంది. ఒకే గెస్ట్ రెండింటిలోనూ ఒకేలా పడిపోతే అనుమానం పరికరం మోడల్ మీదకు పోతుంది. టీసీజీలో మాత్రమే పడిపోతే సూచనల అనువాదం మీదకు, కేవీఎంలో మాత్రమే అయితే హోస్ట్ కెర్నల్ మీదకు. ఈ మూడు దారుల విభజన ఒక్కటే రోజుల తరబడి వెతుకులాటను తగ్గిస్తుంది.

ఒక చిక్కు ఉంది. కేవీఎం వాడినప్పుడు మామూలుగా ఇంటరప్ట్ కంట్రోలర్లు, పాత టైమర్ కూడా హోస్ట్ కెర్నల్‌లోనే ఉంటాయి. టీసీజీలో అవి ఎమ్యులేటర్ సొంత కోడ్. అంటే కేవీఎం నుంచి టీసీజీకి మారితే ఒకేసారి రెండు సంగతులు మారుతున్నాయి. వాటిని విడదీయడానికి కెర్నల్ ఇంటరప్ట్ చిప్‌ను ఆపేసే ఆప్షన్‌తో కేవీఎంలోనే మూడో పరుగు పెట్టాలి. అప్పుడు సూచనలు ప్రాసెసర్ మీద, ఇంటరప్ట్‌లు ఎమ్యులేటర్‌లో. ఈ మూడో పరుగులో సమస్య పోతే తప్పు ఎక్కడుందో దాదాపు తేలిపోయినట్టే.

ఇంకో జాగ్రత్త. 'కేవీఎం, లేకపోతే టీసీజీ' అని కమాండ్ ఇస్తే, కేవీఎం పరికర ఫైలుకు అనుమతి లేనప్పుడు ఎమ్యులేటర్ టీసీజీకి జారుకుని పరీక్షను కొనసాగిస్తుంది. పరీక్ష పాస్ అవుతుంది, పరీక్షించింది మాత్రం మరొకటి. వర్చువల్‌బాక్స్‌లోనూ ఇలాంటిదే: విండోస్ హోస్ట్‌లో హైపర్-వి నడుస్తుంటే అది తన సొంత ఇంజన్‌కు బదులు హైపర్-వి మీద నడుస్తుంది, స్టేటస్ పట్టీలో తాబేలు బొమ్మ వస్తుంది. టెస్ట్ స్క్రిప్టు ప్రతి పరుగులోనూ మానిటర్‌ను (ఎమ్యులేటర్‌కు ఆదేశాలిచ్చే కన్సోల్‌ను) 'ఇన్ఫో కేవీఎం' అని అడిగి, జవాబును లాగ్‌లో రాయాలి. ఆశించిన జవాబు రాకపోతే ఆ పరుగును పాస్ అనీ ఫెయిల్ అనీ కాకుండా చెల్లదని గుర్తు పెట్టాలి.

డిస్క్: ప్రాసెస్‌ను చంపడం కరెంటు పోవడం కాదు

ఈ విభాగానికి మిగతా అన్నింటికంటే ఎక్కువ సమయం ఇవ్వాలి. నెట్‌వర్క్ బగ్ వల్ల పని ఆగుతుంది. డిస్క్ బగ్ వల్ల డేటా పోతుంది, అదీ నెలల తర్వాత తెలుస్తుంది.

క్యూకౌ2 (క్యూఈఎంయూ సొంత డిస్క్ ఫార్మాట్) ఇమేజ్‌లో డిఫాల్ట్ క్లస్టర్ 64 కేబీ. ఒక్కో క్లస్టర్ చోటును చెప్పే పట్టికలో ఒక్కో నమోదుకు 8 బైట్లు. ఆ లెక్కన 1 ఎంబీ క్యాష్ 8 జీబీ డిస్క్‌కు సరిపోతుంది. లినక్స్‌లో ఈ క్యాష్ డిఫాల్ట్ గరిష్ఠం 32 ఎంబీ, అంటే 256 జీబీ. అంతకంటే పెద్ద ఇమేజ్‌లో చెదురుమదురుగా చదివితే ప్రతిసారీ పట్టికను కూడా డిస్క్ నుంచి తేవాల్సి వస్తుంది. 20 జీబీ ఇమేజ్‌తో చేసిన వేగం పరీక్ష 1 టీబీ ఇమేజ్ గురించి ఏమీ చెప్పదు.

క్యాష్ మోడ్‌లు మరో అంశం. డిఫాల్ట్ రైట్‌బ్యాక్ హోస్ట్ పేజీ క్యాష్‌ను వాడుతుంది కానీ గెస్ట్ ఫ్లష్ (డేటాను డిస్క్‌కు చేర్చమన్న ఆదేశం) అడిగితే పాటిస్తుంది. 'నన్' హోస్ట్ క్యాష్‌ను పక్కనపెట్టి నేరుగా రాస్తుంది. 'అన్‌సేఫ్' ఫ్లష్‌లను పట్టించుకోదు. వేగంగా ఉంటుందని టెస్ట్ సూట్లలో అన్‌సేఫ్ పెట్టడం అలవాటుగా మారింది. ఇన్‌స్టాలేషన్ పరీక్షకు పరవాలేదు. డిస్క్ కోడ్‌నే పరీక్షించేటప్పుడు అది అసలు చూడాల్సిన దారినే మూసేస్తుంది.

గెస్ట్ రాస్తుండగా ఎమ్యులేటర్ ప్రాసెస్‌ను బలవంతంగా చంపి, మళ్లీ లేపి ఫైలు సిస్టమ్ చూడటం అందరూ చేసే పరీక్ష. అందులో ఒక లోపం ఉంది: ప్రాసెస్ చచ్చినా అది హోస్ట్ పేజీ క్యాష్‌కు అప్పగించిన డేటా బతికే ఉంటుంది, తర్వాత డిస్క్‌కు చేరుతుంది. ఎమ్యులేటర్ ఫ్లష్ చేయడం మరిచిపోయినా ఈ పరీక్ష పాస్ అవుతుంది. కరెంటు పోయినప్పటి పరిస్థితి తేవాలంటే హోస్ట్‌నే మరో వర్చువల్ మెషీన్‌లో పెట్టి, బయటి ఎమ్యులేటర్‌ను చంపాలి. అప్పుడు లోపలి హోస్ట్ పేజీ క్యాష్ అంతా నిజంగానే పోతుంది. దీనికి నెస్టెడ్ వర్చువలైజేషన్ కావాలి. ఇంటెల్ హోస్ట్‌లలో లినక్స్ 4.20 నుంచి అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. గెస్ట్‌లో వరుస సంఖ్యలు రాస్తూ, ఒక్కో ఫ్లష్ పూర్తయ్యాక ఆ సంఖ్యను సీరియల్ పోర్టులో బయటకు పంపే చిన్న ప్రోగ్రామ్ పెట్టుకోండి. బయటకు వచ్చిన చివరి సంఖ్య వరకూ డిస్క్ మీద తప్పక ఉండాలి. ఒక్కటి తగ్గినా బగ్.

చంపిన తర్వాత 'క్యూఈఎంయూ-ఇమేజ్ చెక్' ఇచ్చే ఎగ్జిట్ కోడ్‌లను వేరుచేసి చదవాలి. 0 అంటే బాగుంది, 1 అంటే చెక్ పూర్తికాలేదు, 2 అంటే ఇమేజ్ పాడైంది, 3 అంటే వాడని క్లస్టర్లు మిగిలిపోయాయి. అకస్మాత్తుగా ఆగినప్పుడు 3 రావడం తప్పు కాదు, చోటు వృథా అవుతుందంతే. సున్నా కాని ప్రతిదాన్నీ ఫెయిల్ అనే స్క్రిప్టు నకిలీ అలారాలతో విసిగిస్తుంది. చివరికి ఎవరో ఆ పరీక్షనే తీసేస్తారు, అసలు 2 వచ్చిన రోజు చూసేవారుండరు.

విండోస్‌లో డిస్క్ కంట్రోలర్ మార్పిడిని విడిగా పరీక్షించాలి. సాటా మీద ఇన్‌స్టాల్ చేసిన గెస్ట్‌ను నేరుగా వర్ట్‌ఐఓకు మారిస్తే బూట్ దశలోనే 7బి స్టాప్ కోడ్‌తో నీలి తెర వస్తుంది, ఎందుకంటే డ్రైవర్ ఇంకా బూట్ జాబితాలో లేదు. ముందుగా 1 జీబీ ఖాళీ వర్ట్‌ఐఓ డిస్క్‌ను రెండో డిస్క్‌గా తగిలించి, లోపల డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాతే అసలు డిస్క్‌ను మార్చాలి.

ఓవీఎంఎఫ్ వేరియబుల్ ఫైలు కూడా డిస్క్ లాంటిదే. బూట్ క్రమం, సెక్యూర్ బూట్ తాళంచెవులు అందులో ఉంటాయి. రెండు పరీక్షలు ఒకే ఫైలును పంచుకుంటే మొదటిది రాసినది రెండోదాని ఫలితాన్ని మారుస్తుంది. ప్రతి పరీక్షకూ తాజా నకలు ఇవ్వండి. ఆ ఫైలు రా ఫార్మాట్‌లో ఉంటే అంతర్గత స్నాప్‌షాట్ తీయడానికి ఎమ్యులేటర్ ఒప్పుకోదు. స్నాప్‌షాట్ పరీక్షల కోసం దాన్ని క్యూకౌ2గా మార్చి పెట్టుకోవాలి.

నెట్‌వర్క్‌లో తప్పుడు నిందలు

యూజర్ మోడ్ నెట్‌వర్క్‌లో గెస్ట్‌కు 10.0.2.15, గేట్‌వేకు 10.0.2.2, డీఎన్‌ఎస్‌కు 10.0.2.3 చిరునామాలు వస్తాయి. ఇందులో బయటి చిరునామాకు పింగ్ చేయడం హోస్ట్ అనుమతులను బట్టి పనిచేయకపోవచ్చు. పింగ్‌ను పాస్ కొలతగా పెట్టుకోకూడదు, టీసీపీ కనెక్షన్‌తో చూడాలి. బ్రిడ్జ్ మీద రెండు గెస్ట్‌లను లేపినప్పుడు మ్యాక్ చిరునామా ఇవ్వకపోతే రెండింటికీ 52:54:00:12:34:56 వస్తుంది. ఆ తర్వాత కనెక్షన్ ఉన్నట్టుండి తెగుతూ అతుకుతూ ఉంటుంది, నింద కార్డు మోడల్ మీద పడుతుంది.

వర్ట్‌ఐఓలో ప్యాకెట్ చెక్‌సమ్‌ను చివరి దాకా లెక్కకట్టకుండా పంపే సౌకర్యం ఉంది. కొన్ని పాత డీహెచ్‌సీపీ క్లయింట్లు దాన్ని పాడైన ప్యాకెట్ అనుకుని పారేస్తాయి, గెస్ట్‌కు చిరునామా రాదు. ఆ ఆఫ్‌లోడ్ సౌకర్యాన్ని ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి పెట్టి నడిపితే చాలు. రెండు దిశల్లోనూ 1 జీబీ ఫైలు పంపి చెక్‌సమ్ పోల్చడం మరవకూడదు. పంపే దారి, అందుకునే దారి వేర్వేరు కోడ్.

పాస్ అని ఎప్పుడు అనాలి

లాగిన్ ప్రాంప్ట్ కనిపించడం పాస్ కాదు. ప్రతి పరుగులోనూ డిస్క్‌కు రాసి చదివిన చెక్‌సమ్, నెట్‌వర్క్ బదిలీ, గెస్ట్ లోపలి నుంచి రీబూట్, మానిటర్ నుంచి రీసెట్, చివరికి శుభ్రంగా షట్‌డౌన్ అన్నీ జరగాలి. రీబూట్‌ను ప్రత్యేకంగా అడగడానికి కారణం ఉంది. కొత్తగా మొదలైన ప్రాసెస్‌లో పరికరాల రిజిస్టర్లన్నీ సున్నా నుంచి మొదలవుతాయి. రీసెట్ కోడ్ ఏదో ఒక రిజిస్టర్‌ను మరిచిపోతే అది రెండో బూట్‌లోనే తెలుస్తుంది.

ఫలితాన్ని యంత్రం చదివేలా బయటకు తేవడానికి సీరియల్ పోర్టు అన్నింటికంటే నమ్మకమైన దారి. కన్సోల్ పేరు ఎక్స్86లో టీటీవైఎస్0, ఆర్మ్ వర్ట్ మెషీన్‌లో టీటీవైఏఎంఏ0. ఇది తప్పు రాస్తే గెస్ట్ చక్కగా లేచి కూర్చుంటుంది, లాగ్ ఖాళీగా ఉంటుంది, టైమ్‌అవుట్ అయ్యాక రిపోర్టులో హ్యాంగ్ అని పడుతుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ లేని చిన్న పరీక్షా కెర్నళ్లకు ఐఎస్‌ఏ డీబగ్ ఎగ్జిట్ అనే పరికరం ఉంది. గెస్ట్ దానిలో రాసిన విలువను రెట్టింపు చేసి ఒకటి కలిపి ఎమ్యులేటర్ తన ఎగ్జిట్ కోడ్‌గా ఇస్తుంది. 0 రాస్తే 1 వస్తుంది. ఎమ్యులేటర్ తప్పు ఆప్షన్ వల్ల మొదట్లోనే ఆగిపోయినా 1 వస్తుంది. రెంటినీ కలగలపకుండా విజయానికి 16 రాయించి 33 కోసం చూడటం మేలు.

టైమ్‌అవుట్‌ను ఒకే సంఖ్యగా పెట్టకూడదు. కేవీఎంలో బూట్‌కు 60 సెకన్లు సరిపోయే గెస్ట్‌కు టీసీజీలో 600 ఇవ్వడం మంచి మొదలు. హోస్ట్‌లో కోర్ల కంటే ఎక్కువ వర్చువల్ సీపీయూలను ఒకేసారి నడిపితే మరో సమస్య వస్తుంది. లినక్స్ గెస్ట్ డిఫాల్ట్‌గా 20 సెకన్ల పాటు ఒక సీపీయూ కదలకపోతే సాఫ్ట్ లాకప్ అని లాగ్‌లో రాస్తుంది. హోస్ట్ ఆ వర్చువల్ సీపీయూకు సమయం ఇవ్వకపోయినా గెస్ట్‌కు అదే దృశ్యం. లాకప్ సందేశం కనిపించిన పరుగును ఖాళీ హోస్ట్ మీద ఒంటరిగా మళ్లీ నడిపాకే బగ్ నమోదు చేయాలి.

వెర్షన్ మారినప్పుడు

క్యూఈఎంయూ ఏడాదికి మూడుసార్లు, మామూలుగా ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు నెలల్లో విడుదలవుతుంది. 'క్యూ35' అన్న పేరు ఒక్కో విడుదలలో కొత్త వెర్షన్ మెషీన్‌ను సూచిస్తుంది. కొత్త విడుదలలో ఏదైనా గెస్ట్ పడిపోతే మొదట పాత వెర్షన్ నంబరు ఉన్న మెషీన్ రకంతో కొత్త ఎమ్యులేటర్‌ను నడపండి. అప్పుడు పనిచేస్తే మారింది డిఫాల్ట్ విలువ. అప్పటికీ పడిపోతే మారింది కోడ్, ఇక గిట్ బైసెక్ట్ (తప్పు తెచ్చిన కోడ్ మార్పును సగం సగం చేస్తూ వెతకడం) మొదలుపెట్టవచ్చు. ఈ ఒక్క అడుగు దాటేసి నేరుగా బైసెక్ట్‌కు వెళ్తే, అది చివరికి డిఫాల్ట్ మార్చిన కమిట్ దగ్గర ఆగుతుంది. అసలు కారణం ఇంకా దొరకదు.

లైవ్ మైగ్రేషన్‌ను (నడుస్తున్న గెస్ట్‌ను మరోచోటికి తరలించడాన్ని) పాత వెర్షన్ నుంచి కొత్తదానికి, కొత్తదాని నుంచి పాతదానికి, ఒకే వెర్షన్ మెషీన్ రకంతో పరీక్షించాలి. డిస్క్‌కు రాయడం, నెట్‌వర్క్ బదిలీ సాగుతుండగానే తరలించాలి. ఖాళీగా కూర్చున్న గెస్ట్‌ను తరలిస్తే పరికరాల స్థితి దాదాపు ఖాళీగా ఉంటుంది, తప్పిపోవడానికి అందులో ఏమీ ఉండదు. గట్టిగా విఫలమయ్యే మైగ్రేషన్ సులువు, గమ్యం వైపు లోడ్ ఆగిపోయి సందేశం వస్తుంది. ప్రమాదమైనది నిశ్శబ్దంగా పూర్తయ్యేది: గెస్ట్ కొత్తచోట నడుస్తూనే ఉంటుంది, దారిలో ఒక ఇంటరప్ట్ పోయి, ఆ పరికరం మళ్లీ పలకదు. అందుకే పాస్ కొలతలన్నీ తరలించాక మరోసారి నడపాలి.

పరీక్ష పడిపోయినప్పుడు పూర్తి కమాండ్ లైన్, ఎమ్యులేటర్ వెర్షన్, హోస్ట్ కెర్నల్ వెర్షన్, ప్రాసెసర్ మోడల్, మైక్రోకోడ్ నంబరు, ఫర్మ్‌వేర్ ఫైలు చెక్‌సమ్, సీరియల్ లాగ్, డిస్క్ పైపొర ఫైలు అన్నీ ఒకచోట దాచాలి. హ్యాంగ్ అయితే ప్రాసెస్‌ను వెంటనే చంపకండి. మానిటర్‌లో 'ఇన్ఫో రిజిస్టర్స్' ఒకసారి, ఐదు సెకన్ల తర్వాత మరోసారి తీసుకోండి. సూచన చిరునామా కదలకుండా సీపీయూ నిలిచిన స్థితిలో ఉంటే అది రాని ఇంటరప్ట్ కోసం ఎదురుచూస్తోంది, వెతకాల్సింది పరికరం మోడల్‌లో. చిరునామా చిన్న పరిధిలోనే తిరుగుతుంటే గెస్ట్ ఏదో రిజిస్టర్ విలువ మారుతుందని సుడి తిరుగుతోంది. ఆ రిజిస్టర్ ఏదో తెలిస్తే ఏ పరికరమో తెలుస్తుంది. మానిటరే జవాబివ్వకపోతే గెస్ట్‌ను వదిలేసి, జీడీబీ అనే డీబగ్గర్‌ను ఎమ్యులేటర్ ప్రాసెస్‌కే తగిలించి అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్ తీయాలి. ప్రధాన లూప్ థ్రెడ్ ఏ లాక్ దగ్గర నిలిచిందో, ఆ లాక్‌ను ఏ సీపీయూ థ్రెడ్ పట్టుకుని ఉందో అందులో కనిపిస్తుంది.